పిలిస్తే పైకి రావలసిన పెట్టె

కృష్ణ ఒడ్డు దాకా పోయి, నీళ్ల కింద మాట్లాడే యంత్రాన్ని చూసి వచ్చానంటే మా వాడకట్టులో ఒకరూ నమ్మలేదు. వాళ్లదీ తప్పు లేదు. చుట్టాల పెళ్లికి కూడా కిరాయి లెక్క చూసుకుని పోయే మనిషిని నేను. అదీగాక మా రామన్నపేట దిక్కు నీళ్లంటే బోరు. మోటరు వేస్తే వస్తాయి, కరెంటు పోతే పోతాయి. మనిషి మునిగిపోయే లోతు నీళ్ల మీద కూర్చోవడం నాకు ఈ వయసులో ఇదే మొదలు. అక్కడ నా ప్రాణం ఎన్నిసార్లు గొంతులోకి వచ్చిందో చెప్పలేను. పోనివాళ్లకు చెప్పాలని రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. యంత్రం సంగతి నా మనవరాలు చెబితే నాకు అర్థమైనంతే ఇందులో ఉంటుంది.

రామన్నపేట బస్టాండు

మనవరాలి పేరు సలోమి, నా పెద్దకొడుకు బిడ్డ. హైదరాబాదులో ఒక కంపెనీలో ఇంజినీరు. కంపెనీ అంటే పెద్ద భవనమేమీ కాదు, ఒక ఇంటి పై అంతస్తులో పట్టుమని పదిమంది లేరు. నీళ్ల లోపల ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యంత్రాలు తయారు చేస్తారు. పిల్లను తీసుకున్నారు గాని ఉద్యోగం ఇంకా పక్కా చేయలేదు. సోమశిల దగ్గర కృష్ణలో యంత్రాన్ని దింపి, మాట్లాడించి, మళ్లీ పైకి తెచ్చి చూపిస్తే అప్పుడు పక్కా చేస్తామన్నారు. యంత్రాన్ని తన పేరు మీద సంతకం పెట్టి తెచ్చుకుంది.

తోడు రావలసిన అమ్మాయికి ఆటలమ్మ పోసింది. ఇది ఒక్కతే పోతానని బట్టలు సర్దుతుంటే నేను అడ్డం నిలబడ్డాను.

"రేవు కాడ మొగోళ్ల నడుమ నువ్వొక్కదానివా? నేనొస్త."

"అవ్వా, అది పడవల పని. నీకు కండ్లు తిరుగుతయ్."

"తిరిగితే మూసుకుంట. నడువు."

కంపెనీ కారు కిరాయి ఇస్తానన్నదట. ఆడవాళ్లకు బస్సు పైసలు లేకుండా ఉత్తగనే ఉంటే కారెందుకని నేను ఒప్పుకోలేదు. కంపెనీ పైసలైతే మాత్రం పైసలు కావా?

బస్సెక్కాక కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ చించి ఇచ్చింది. తర్వాత సీటు మీద పెట్టిన గట్టి నల్ల పెట్టె వైపు వేలు చూపింది.

"పెద్దమ్మా, నీకు జీరో. మరి దీనికి?"

"అది కూడ ఆడదే," అన్నాను.

"అట్లనా! ఆధార్ కార్డు తియ్యి మరి దానిది."

బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పెట్టెను ఒళ్లోకి తీసుకున్నాను. అక్కడి నుంచి నల్లగొండ దాకా దిగలేదు, దించలేదు. తొడలు తిమ్మిరెక్కాయి.

నల్లగొండ దాటినాక

నల్లగొండలో బస్సు మారాం. దేవరకొండ బస్సులో పక్క సీటు ఆయన బత్తాయి తోట రైతు, సంచీ నిండా కాయలు పెట్టుకున్నాడు. నా ఒళ్లో పెట్టెను చాలాసేపు చూసి ఆగలేక అడిగాడు.

"ఏందమ్మా గది, అంత ముద్దుగ పట్టుకున్నవ్?"

సలోమి చెప్పింది. నీళ్ల కింద ఫోన్లు పనిచేయవు, వాటి తరంగాలు నీళ్లలోకి దిగిన కాసేపటికే చచ్చిపోతాయి, అందుకని ఈ యంత్రాలు చప్పుడుతో మాట్లాడుకుంటాయి అని.

"అంటే చాపలకు సెల్‌ఫోనా?" అన్నాడాయన. "మా ఊళ్లె మనుషులకే సిగ్నల్ లేదు, చాపలకు పెడుతున్నరా?" అని నవ్వి మా ఇద్దరికీ రెండు కాయలు ఇచ్చాడు. పైసలిస్తే తీసుకోలేదు.

ఆ కాయ ఒలుచుకుంటూ నేను సలోమిని గుచ్చి గుచ్చి అడిగాను. పెట్టెలో మూరెడు పొడుగు నల్ల గొట్టాలు రెండున్నాయి. ఒకటి అడుగుకు పోతుంది, ఒకటి పడవ నుంచి వేలాడుతుంది. గొట్టం కొసన రబ్బరు తొడుగు ఉంది. దాని లోపల పింగాణీ వంటి ఉంగరం ఉంటుందట. దానికి కరెంటు తగిలితే వణుకుతుంది. ఆ వణుకుడే నీళ్లలో చప్పుడు అవుతుంది. అవతలి నుంచి చప్పుడు వచ్చి తాకితే అదే ఉంగరం కరెంటు పుట్టిస్తుంది. నోరూ అదే, చెవీ అదే. సలోమి దాన్ని చెవి అనే అంటుంది.

"చప్పుడు నీళ్లల్ల గాలిలకంటె నాలుగింతలు జోరుగ పోతది అవ్వా. పోయి రావడానికి ఎంత సేపు పట్టిందో చూస్తే ఎంత దూరమున్నదో లెక్క వస్తది."

"అంత జోరుగ పోతే ఇంకేం మరి?"

"జోరే గాని మాటలు తక్కువ. నీ ఫోన్ల రెప్పపాటుల వచ్చే ఫోటో ఇందుల రావాలంటే గంటలు పడతది. అందుకే పొట్టి పొట్టి మాటలే. 'ఉన్నవా?' 'ఉన్న.' గంతే."

ఇంతకుముందు పానగల్ రిజర్వాయరులో దింపి చూశారట. అక్కడ లోతు తక్కువ. చప్పుడు అడుగుకు తగిలి ఒకసారి, పైనున్న నీటి తలానికి తగిలి ఒకసారి వెనక్కి వచ్చి, మాట మీద మాట పడిపోయిందట. ఖాళీ చర్చిలో గట్టిగా ప్రార్థన చేస్తే గోడలన్నీ మళ్లీ చెప్పినట్టు. నాకు అది వెంటనే అర్థమైంది.

ధర చెప్పినప్పుడు మాత్రం అర్థం కాలేదు. జత ఎనిమిది లక్షలు, ఒకటి పోతే రెండోది పనికిరాదట. బయటి దేశాలవైతే ఇరవై దాటుతుందట.

"రెండు గొట్టాలకు ఎనిమిది లక్షలా? ఏం పోసిండ్రే అందుల, బంగారమా?"

"నీళ్లు పోకుండ చేసిండ్రు అవ్వా. దానికే ఖర్చు. అడుగుల ఎంత బరువు ఒత్తుతదో తెలుసా? వెంట్రుకంత సందు దొరికినా లోపటంత ఖరాబే. మల్ల ఇవి కొనేటోళ్లు దేశంల కొద్దిమందే. ఫోన్ల లెక్క లక్షలకు లక్షలు చేస్తే ధర దిగుతది. పదో ఇరవయ్యో చేస్తే ఒక్కొక్కటి చేత్తోనే చెయ్యాలె. చెవి ఒక్కటి పగిలితే సగం ధర పోయినట్టే."

ఆ మాట విన్నాక పెట్టె నా ఒళ్లో ఇంకా బరువెక్కింది.

దేవరకొండ

దేవరకొండ బస్టాండులో మాకు పెద్ద చిక్కు వచ్చింది. ఇద్దరికీ మరుగుదొడ్డికి పోవాలి. పెట్టెను ఎవరి దగ్గరా ఉంచలేం. ముందు సలోమి పోతే నేను కాపలా, నేను పోతే అది కాపలా అనుకున్నాం. ఇంతలో కొల్లాపురం వైపు పోయే బస్సు వచ్చింది. సీటు ఆపడానికి సలోమి రుమాలు పట్టుకుని పరుగెత్తింది. నేను పెట్టెను ఎత్తుకుని మరుగుదొడ్డిలోకి పోబోయాను. గుమ్మంలో కూర్చున్నామె చెయ్యి అడ్డం పెట్టింది.

"అయిదు రూపాయలు. సామాను బయట పెట్టి పో."

"సామాను కాదమ్మా, పాణం," అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, "పో పో, దాన్ని గోడకు తాకనియ్యకు, సున్నం కొత్తగ ఏసినం," అంది.

ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో చీర. ఎట్లా బయటపడ్డానో దేవుడికే తెలుసు.

అక్కడి నుంచి డిండి మీదుగా పోయాం. ఎండిన చెలకలు, రాళ్ల గుట్టలు, మధ్యమధ్య బోరు కింద పచ్చటి మడి. మా దిక్కుకు పెద్ద తేడా లేదు. ఇంత ఎండిన నేల దాటితే పెద్ద నీళ్లు ఉంటాయని ఎవరైనా చెబితే నమ్మబుద్ధి కాదు. కొల్లాపురం దగ్గర పడేసరికి మామిడి తోటలు, పూతతో తెల్లగా.

కొల్లాపురం

లాడ్జి గది తొమ్మిదివందలు అన్నాడు. ఏడువందలకు తెచ్చాను. దుప్పటి మాసిందని ఇంకో యాభై తగ్గించమంటే సలోమి నన్ను బయటికి లాక్కుపోయింది.

తిండి మాత్రం బాగుంది. ఒకామె ఇంటి ముందర పొయ్యి మీద జొన్న రొట్టెలు చేతితో తట్టి కాల్చి ఇస్తుంది. రొట్టె పదిహేను, పుంటికూర పప్పు ఉత్తగనే. మా ఇంట్లో ఇప్పుడు మూడు పూటలా అన్నమే. రొట్టె చేయడం కోడళ్లకు రాదు, నాకు ఓపిక లేదు. ఇక్కడ పొలం నుంచి వచ్చినవాళ్లూ ఆఫీసు నుంచి వచ్చినవాళ్లూ రొట్టె కోసమే నిలబడ్డారు. నేను రెండు తిన్నాను. సలోమి సగం తిని పక్కన పెట్టింది.

"తినవేందే?"

"రేపు అది పైకి రాకపోతే ఎట్ల అవ్వా?"

"వస్తదని నువ్వే అంటివి."

"వస్తది. పిలిస్తే వస్తది." అని రొట్టె ముక్కను విరుస్తూ కూర్చుంది, నోట్లో పెట్టుకోలేదు.

మిగిలిన సగం నేనే తిన్నాను. పారేయలేం కదా.

సోమశిల రేవు

పొద్దున ఆటోలో రేవుకు పోయాం. మలుపు తిరగగానే నీళ్లు కనబడ్డాయి. కొండల నడుమ నది ఎంత పెద్దగా ఉందంటే, అవతలి ఒడ్డున మనుషులున్నారో లేదో తెలియలేదు. అందరూ అబ్బా ఎంత బాగుందని ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం ఆ నీళ్ల కింద ఏముందో తెలియనిదే బాగుందని ఎట్లా అంటాం అనిపించింది.

సలోమి ముందే మాట్లాడి పెట్టిన ఇంజను పడవ కుర్మయ్యది. చేపలు పట్టే మనిషి. భార్య చిట్టెమ్మ కూడా పడవలోనే ఉంటుంది. వలలు లాగుతుంది, తాళ్లు చూస్తుంది. మా వైపు ఆడవాళ్లు నాటుకు పోతారు, కోతకు పోతారు. పడవ మీద మొగుడితో సమానంగా నిలబడి పనిచేసే ఆడదాన్ని నేను ఇక్కడే చూశాను. చెయ్యి పట్టుకుని నన్ను ఎక్కించింది. ఆమె అరచెయ్యి తాడు కంటే గరుకు.

"కూసో పెద్దమ్మా. నడిమిట్ల కూసో. భయమైతే నీళ్లు చూడకు, నా మొకం చూడు."

"నీ మొకం చూస్తే ఏమొస్తది?"

"నా మొగడు ముప్పై ఏండ్ల సంది చూస్తుండు. ఏం కాలే," అంది. కుర్మయ్య ఇంజను దగ్గర నుంచి, "ఏం కాలేదని నువ్వంటే అయితదా?" అన్నాడు.

నడి నీళ్లలోకి పోయాక సలోమి పెట్టె తెరిచి పని మొదలుపెట్టింది. అడుగుకు పోయే గొట్టానికి పైన నారింజ రంగు బెండు కట్టింది. వలకు కడతారే, తేలడానికి, అట్లాంటిదే గాని పెద్దది. కింద ఒక చిన్న ఇనుప కొక్కెం ఉంది, నా వేలంత. ఆ కొక్కేనికి రాళ్లు నింపిన గోనె సంచి తగిలించింది. ఆ బరువుకు అడుగుకు పోతుంది. రాత్రంతా అడుగునే ఉండి రేపు పిలిస్తే పైకి వస్తుంది.

అప్పుడు సలోమి పడవ కొసకు పోయి, వైర్లు తగిలించి, ల్యాప్‌టాప్‌లో తల పెట్టింది. కుర్మయ్యా చిట్టెమ్మా సంచీని ఇటూ అటూ పట్టి జరుపుతున్నారు. పట్టు చూస్తే నాకు భయమేసింది.

"జర నిమ్మళంగ! ఎనిమిది లక్షలదది. మా పిల్ల పేరు మీద ఉన్నది. ఏమన్న అయితే దాని కొలువు పోతది," అన్నాను.

ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. కుర్మయ్య గొట్టాన్ని పసిపిల్లను దించినట్టు దించి పడవ అంచున పెట్టాడు. చిట్టెమ్మ వంగి ఆ చిన్న కొక్కేన్ని చూసింది. వేలితో కదిపింది. తర్వాత వల తాడు ఒకటి తీసి, గొట్టం పిడి నుంచి సంచి మూతికి తిప్పి, రెండు ముళ్లు వేసి, కాలితో తన్నిపట్టి గుంజింది. మా కళ్లు కలిశాయి. నేను తల ఊపాను. ఒక్క మనిషికైనా బుద్ధి ఉందని సంతోషించాను కూడా.

"దించుండ్రి," అని సలోమి అటు నుంచే కేకేసింది. దించారు. నారింజ బెండు పచ్చగా, తర్వాత నల్లగా అయి కనబడకుండా పోయింది.

ఇక పడవ దూరంగా పోనిచ్చి, "ఇంజన్ బంద్ చెయ్యన్నా" అంది సలోమి. ఇంజను చప్పుడు నీళ్లలోకి పోతే మన మాట వినబడదట. ఇంజను ఆగింది. ఎవరూ కదలలేదు. చిట్టెమ్మ గాజులు వెనక్కి తోసుకుంది, మోగకుండా. సలోమి రెండో గొట్టాన్ని నీళ్లలో వేలాడదీసి ఏదో నొక్కింది. గువ్వ కిచకిచలాడినట్టు సన్నని చప్పుడు ల్యాప్‌టాప్‌లో వచ్చింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత అట్లాంటిదే, ఇంకా సన్నగా, ఇంకొకటి.

"పలికింది అవ్వా! 'ఉన్న' అంటాంది!"

అంత లోతున, చీకట్లో, మట్టిలో కూర్చుని పిలిస్తే పలుకుతోంది. ప్రభువా అనుకున్నాను.

ఒడ్డుకు వచ్చి చిట్టెమ్మ వేయించిన చేపలు తిన్నాం. పళ్లెం నూటయాభై చెప్పి, నేను ఒక వేలు చూపి బేరమాడబోతే వందకే ఇచ్చింది. నాకు ఆ రోజంతా ఆమె మీద మంచి గౌరవం.

పలికింది, రాలేదు

మరునాడు పొద్దున మంచు విడవకముందే పడవ ఎక్కాం. అదే జాగాకు పోయాం. ఇంజను బంద్. సలోమి పిలిచింది. పలికింది. రాత్రంతా బాగానే ఉంది, నీళ్లు లోపలికి పోలేదు. సలోమి ముఖం వెలిగింది.

"ఇప్పుడు పైకి రమ్మంటున్న. అందరు నీళ్లు చూడుండ్రి. నారింజ బెండు కనబడంగనే చెప్పుండ్రి."

చూశాం. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. నేను ఒకవైపు, చిట్టెమ్మ ఒకవైపు, కుర్మయ్య వెనక. నా కళ్లలో నీళ్లు తిరిగేదాకా చూశాను. నారింజ ఎక్కడా లేదు.

మళ్లీ పిలిచింది. మళ్లీ పలికింది. రాలేదు.

"కొక్కెం తెరుచుకున్నదని చెప్తాంది," అంది సలోమి. "తెరుచుకుంటే రాళ్లు ఆడనే ఉండిపోవాలె. బెండు దాన్ని పైకి గుంజుక రావాలె. మరి ఎందుకు వస్తలేదు?"

నాకు అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. పిలిస్తే వస్తుందంటే రాళ్లతో సహా వస్తుందనుకున్నాను. కొక్కెం తెరుచుకోవడానికే పెట్టారని, రాళ్లను వదిలేయడమే దాని పని అని అప్పుడు తెలిసింది. చిట్టెమ్మ వైపు చూశాను. ఆమె నా వైపే చూస్తోంది.

ఆమే నోరు తెరిచింది.

"బిడ్డా, నేను తాడు గట్టిన గద. ఆ తాడు గూడ ఇప్పుకుంటదా?"

సలోమి తల తిప్పింది. "ఏ తాడు?"

"సంచికి, గొట్టానికి. జారి పోతదని."

కుర్మయ్య లేచాడు, పడవ ఊగింది.

"నీకెవరు చెప్పిండ్రే? యంత్రమన్న మాట తెల్వదా నీకు?"

"ఎనిమిది లక్షలని పెద్దమ్మ చెప్పె. అన్ని పైసల దానికి ఏలంత కొక్కెమేంది అనుకున్న. తాడు లేకుండ రాయిని నీళ్లల్ల ఎప్పుడన్న ఏసినమా మనం? లంగరైనా, వలైనా?"

"ఆమెను అనకు," అన్నాను నేను. "ఆమె కట్టంగ నేను చూసిన. మంచిదే అనుకున్న. ధర చెప్పి భయపెట్టింది కూడ నేనే."

సలోమి రెండు చేతులతో ముఖం మూసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చేతులు తీసి నీళ్లవైపు చూస్తూ కూర్చుంది. దాని తండ్రి కూడా అంతే, కోపం ఎక్కువైతే మాట రాదు.

చిట్టెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా పక్కకు వచ్చింది. "పెద్దమ్మా, ఆ పైసలు మమ్మల్ని అడుగుతరా? పడవ అమ్మినా రావు," అని గొణిగింది. "మొదాలు అది దొరకనియ్యి," అన్నాను. నాకు తెలిసిన ధైర్యం అంతే.

పాతాళగరిగె

కుర్మయ్య చిక్కుకుపోయిన వలలను లాగడానికి కొక్కేల గుత్తి ఒకటి పడవలో ఉంచుకుంటాడు. బావిలో బొక్కెన పడితే మేం వేసే పాతాళగరిగె వంటిదే, ఇంకా బరువైంది. దాన్ని తీశాడు.

"అమ్మా, ఇది ఏసి గుంజుతా. తాడుకు తగిలితే వస్తది."

"చెవికి తగిలితే?" అంది సలోమి.

చెవి పగిలితే సగం ధర. వదిలేస్తే మొత్తం. మళ్లీ సలోమే అంది, "అంత నదిల ఊరికె గీరొద్దు. అది ఏడున్నదో ముందు గుర్తు పడదాం. అది పలుకుతనే ఉన్నది కద."

అప్పుడు చేసిన పని చూశాను. ఒక చోట పడవ ఆపి పిలిస్తే అది ఎంత దూరంలో ఉందో చెబుతుంది గాని ఏ దిక్కున ఉందో చెప్పదు. అందుకని ఆ చోట ఖాళీ సీసా ఒకటి తాడుతో, రాయితో నీళ్లలో నిలబెట్టారు. ఇంకో చోటికి పోయి మళ్లీ పిలిచి ఇంకో సీసా. ఇంకో చోట మూడోది. ఒక్కో సీసా నుంచి అంత దూరంతో సున్నా గీస్తే మూడు సున్నాలు ఎక్కడ ఒకదాన్నొకటి కోసుకుంటాయో అక్కడ మా పెట్టె, అంటే ఆ గొట్టం, ఉన్నట్టు. సలోమి ల్యాప్‌టాప్‌లో గీసింది. గాలికి పడవ జరిగిపోతుంటే సీసాల మీద కన్ను పెట్టి తెడ్డుతో నిలబెట్టడం కుర్మయ్య, చిట్టెమ్మల పని. ఒకసారి పడవ జరిగి లెక్క కుదరక సున్నాలు ఎక్కడెక్కడో పడ్డాయి. మళ్లీ మొదటికి పోయి మూడూ చేశారు.

దూరంగా విహారానికి పోయే పెద్ద పడవ పాటలు పెట్టుకుని వచ్చింది. దాని ఇంజను చప్పుడుకు మా పెట్టె పలకడం మానేసింది. చిట్టెమ్మ లేచి నిలబడి రెండు చేతులూ ఊపి, "ఓ అన్నా, జర అటు దూరం పో! ఈడ పానం మీదికొచ్చింది!" అని అరిచింది. వాళ్లకేం అర్థమైందో, మాకు చేతులూపి పోయారు. చప్పుడు పూర్తిగా సద్దుమణిగేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. సలోమి మళ్లీ పిలిచింది. ఉన్న, అంది.

గరిగె దించారు. కుర్మయ్య మెల్లగా తెడ్డు వేస్తుంటే చిట్టెమ్మ తాడు పట్టుకుని అడుగును తడుముతోంది. రాయి తగిలింది. చెట్టు మోడు తగిలింది, వదిలించుకుంది. ఎండ నెత్తికెక్కింది. నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే, అది పగలకుండా రావాలని. ఇంకేదీ ఆ పూట నాకు గుర్తు రాలేదు, మధ్యాహ్నం తిండి కూడా.

చిట్టెమ్మ ఉన్నట్టుండి ఆగింది. తాడు వేళ్ల మధ్య కదిలించింది.

"మెత్తగుంది. రాయి గాదు."

"గుంజొద్దు," అంది సలోమి. "మెల్లగ అక్కా. మెల్లగ."

ఇద్దరూ కలిసి బెత్తెడు బెత్తెడు లాగారు. ముందు నారింజ బెండు వచ్చింది, తర్వాత బురద పట్టిన గొట్టం, దాని కింద ఆ తాడు, ఆ సంచి. గరిగె ముల్లు సరిగ్గా ఆ వల తాడుకే పట్టింది. గొట్టానికి ఒక గీత పడింది. సలోమి తన చున్నీతో చెవిని తుడిచి, నీళ్లలో ముంచి, ఇంకో గొట్టంతో పిలిచింది.

కిచకిచ అంది.

నేను చిట్టెమ్మ వీపు మీద ఒక్కటి చరిచాను. ఎందుకో నాకే తెలియదు. ఆమె నవ్వుతూనే ఏడ్చింది.

మళ్లీ నీళ్లలోకి

ఒడ్డుకు చేరాక సలోమి వాళ్ల సారుకు ఫోన్ చేసింది. చిట్టెమ్మ పడవ వెనక తాళ్లు చుట్టుకుంటున్నట్టు నటిస్తూ అంతా వింటోంది. నేను సలోమి చేతిని పట్టుకున్నాను.

"నాకియ్యి. తప్పు నాదని నేను చెప్త."

"ఊకో అవ్వా," అని ఫోన్ చెవికి పెట్టుకుంది. పెట్టె దొరికిందని, గీత పడిందని చెప్పింది. అవతల ఏదో అడిగారు.

"తాడు అడ్డం ఉండె సార్, అందుకే రాలేదు." మళ్లీ ఏదో అడిగారు. "దించే ముందు కొక్కెం కింద చేత్తో తడిమి చూడవలసింది నేను సార్. చూడలేదు."

చిట్టెమ్మ చేతిలో తాడు ఆగిపోయింది.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "ఏమన్నడు?"

"పిలిస్తే దానంతట అది పైకి వచ్చిందాక పరీక్ష అయినట్టు కాదన్నడు. కొలువు సంగతి నేను హైదరాబాదుకు వచ్చినాక చూద్దామన్నడు."

"అంటే?"

"అంటే మళ్ల దించాలె."

"పిచ్చా నీకు? చేతికొచ్చిందాన్ని మళ్ల నీళ్లల్ల ఏస్తవా? ఇంటికి పోదాం పా. బస్సుంది."

"అది నా చేతుల ఉండనీకి చేసింది కాదు అవ్వా," అంది సలోమి. దాని ముఖం చూస్తే ఇక మాట్లాడి లాభం లేదని తెలిసింది.

పడవ ఎక్కడానికి చిట్టెమ్మ రాలేదు. ఒడ్డున నిలబడి, "నేనొద్దు బిడ్డా. నా చెయ్యి మంచిది కాదు," అంది.

"చిట్టెమ్మక్కా, నువ్వే రావాలె. కొక్కెం కింద ఏమన్న అడ్డమున్నదేమో నువ్వే తడిమి చూడు. నేను కూడ చూస్త. ఇద్దరం చూసినంకనే దించుదాం."

వచ్చింది. కొత్తగా రాళ్లు నింపిన సంచీని తగిలించాక ఆమె ఆ చిన్న కొక్కెం కింద అరచెయ్యి జొనిపి రెండుసార్లు తిప్పింది. సలోమి తిప్పింది. నన్నూ చూడమంది. నా చేతికి చల్లటి ఇనుము తప్ప ఏదీ తగలలేదు. ఎనిమిది లక్షలు, నా మనవరాలి కొలువు, ఆ వేలంత ఇనుము మీద. చిట్టెమ్మ చెయ్యి అలవాటుగా పక్కనున్న తాడు మీదికి పోయింది. నేను ఆ చేతిని పట్టుకున్నాను. ఆమె నా చేతిని పట్టుకుంది. అట్లా పట్టుకునే దాన్ని నీళ్లలోకి పోనిచ్చాం.

ఇంజను బంద్. సలోమి నొక్కింది. పలికింది. పైకి రమ్మంది.

నేను కళ్లు మూసుకుందామనుకుని మూయలేదు. నీళ్లు నల్లగా ఉన్నాయి. చిట్టెమ్మ గోళ్లు నా చేతిలో దిగబడ్డాయి. ఎక్కడో పచ్చగా ఏదో కదిలినట్టయింది. తర్వాత ఒక్కసారిగా పడవకు అటువైపున నారింజ బెండు నీళ్లను చీల్చుకుని ఎగిరి, మళ్లీ పడి, ఊగుతూ నిలబడింది. కుర్మయ్య గట్టిగా కేకేశాడు. చిట్టెమ్మ నన్ను కావలించుకుంది.

సలోమి మాత్రం బెండును లాగి, గొట్టాన్ని తుడిచి, ఇంకో సంచి నింపమని కుర్మయ్యకు చెప్పింది.

"మళ్లనా?" అన్నాను.

"ఒక్కసారి వస్తే ఎట్ల అవ్వా? పిలిచిన ప్రతిసారి రావాలె."

కుర్మయ్య రాళ్లు ఎత్తుతున్నాడు. నేను కొంగు నడుముకు చెక్కి, పడవ అంచు గట్టిగా పట్టుకుని మళ్లీ కూర్చున్నాను.